మీ ప్రతిపాదన ఎక్కడ ఆగిపోయింది? లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

పనిచేసే చోట ఏదైనా మార్చాలని ప్రతిపాదన పెట్టి, అది ముందుకు కదలకపోతే చాలామంది మళ్లీ స్లైడ్లు దిద్దుకోవడం మొదలుపెడతారు. రంగులు మారుస్తారు, ఇంకో నాలుగు గ్రాఫులు చేరుస్తారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. ఎవరికి ఏం పోతుందో కనుక్కోకుండా గదిలోకి వెళ్లడమే అసలు తప్పు.

ఉదాహరణ ఒక్కటే తీసుకుందాం. బెంగళూరులోని పారిశ్రామికవాడ పీణ్యలో మూడు షిఫ్టులు నడిచే మెషీన్ షాపు, అంటే లోహపు భాగాలు తయారుచేసే చోటు. ఉదయం 6 నుంచి 2, 2 నుంచి రాత్రి 10, 10 నుంచి మళ్లీ ఉదయం 6. షిఫ్ట్ మారేటప్పుడు ఏ టూల్ అరిగింది, ఏ జాబ్‌లో (తయారవుతున్న భాగంలో) సైజు తేడా వస్తోంది అన్నవన్నీ నోటిమాటగానే అందుతాయి. దాని బదులు ప్రతి మెషీన్ దగ్గర ఒక హ్యాండోవర్ షీటు పెట్టాలన్నది ప్రతిపాదన. మీరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ టీమ్‌లో ఉంటే మెషీన్ బదులు టికెట్లు (కస్టమర్ల నుంచి నమోదైన సమస్యలు) అనుకోండి, మిగతాదంతా ఇంతే.

లక్షణం: మీటింగ్‌లో "బాగుంది, చూద్దాం" అన్నారు

బెంగళూరు ఆఫీసుల్లో ఈ "చూద్దాం"నే కన్నడలో "నోడోణ" అంటారు. ఆ మాట వచ్చిందంటే ఫైలు పక్కకు వెళ్లినట్టే.

కారణం: నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి ఆ విషయం మొదటిసారి వింటున్నది ఆ గదిలోనే. క్వాలిటీ వాళ్లు ఏమంటారో, మెయింటెనెన్స్ వాళ్లకు ఇష్టమో కాదో తెలియకుండా పదిమంది ముందు సరే అనడం ఏ మేనేజరుకైనా కష్టమే. "చూద్దాం" అంటే ఆయనకు ఇబ్బంది లేదు.

పరిష్కారం: మీటింగ్‌కు వారం ముందు ఒక్కొక్కరినీ విడివిడిగా కలవండి. బెంగళూరు పక్కన బిడదిలో ప్లాంటు ఉన్న టొయోటా పని విధానంలో దీనికి నెమవాషి అని పేరే ఉంది. మార్పు ఎవరిని తాకుతుందో వాళ్లందరితో ముందే మాట్లాడి, వాళ్ల అభ్యంతరాలతో ప్రతిపాదనను సరిదిద్ది, ఆ తర్వాతే మీటింగ్ పెట్టడం. అదే కంపెనీ వాడే ఏ3 పద్ధతి కూడా మనకు పనికొస్తుంది. 297 బై 420 మిల్లీమీటర్ల ఒకే కాగితం. ఇప్పటి పరిస్థితి, చేరాల్సిన చోటు, మూల కారణం, చేయబోయే పని, ఎవరు ఎప్పటికి చేస్తారు, ఫలితం ఎలా కొలుస్తారు, అన్నీ అందులోనే పట్టాలి.

ఆ కాగితాన్ని పెన్సిల్‌తో రాసి తీసుకెళ్లమని నేను గట్టిగా చెప్తాను. ప్రింట్ చేసి లామినేట్ చేసిన కాగితం చూస్తే ఎదుటివాళ్లకు అంతా అయిపోయిందన్న భావన కలుగుతుంది. పెన్సిల్ రాత చూస్తే చేయి చాచి, "ఇక్కడ ఇది కాదు, ఇలా రాయండి" అంటారు. ఆ ఒక్క గీత గీశాక ప్రతిపాదనలో వాళ్లకూ భాగం ఉన్నట్టే. అడిగే ప్రశ్న కూడా ముఖ్యం. "ఎలా ఉంది సార్?" అని అడిగితే "బాగుంది" అనే అంటారు. "ఇందులో మీకు ఇబ్బంది ఎక్కడ వస్తుంది సార్?" అని అడగండి. ముందు మెయింటెనెన్స్, క్వాలిటీ, తర్వాత అకౌంట్స్, అందరికంటే చివర జీఎం (జనరల్ మేనేజర్). అప్పుడు ఆయన అడిగే మొదటి ప్రశ్నకు, "వాళ్లేమన్నారు?" అన్నదానికి, మీ దగ్గర జవాబు ఉంటుంది.

లక్షణం: షాప్ ఫ్లోర్‌లో (మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్లలో) ఎవరూ ఏమీ మాట్లాడలేదు

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన లక్షణం. ఎదురు మాట్లాడితే కనీసం జవాబు చెప్పొచ్చు. మౌనంగా తలూపిన మార్పును మాత్రం మూడో రోజుకల్లా మెల్లగా పక్కన పెట్టేస్తారు.

కారణాలు రెండు. మొదటిది భాష. పీణ్యలో ఒకే వరుసలో హిందూపురం నుంచి వచ్చిన తెలుగువాళ్లు, తుమకూరు కన్నడిగులు, తమిళులు, ఒడిశా కుర్రాళ్లు నిలబడి ఉంటారు. వాళ్ల ముందు ఇంగ్లిష్ స్లైడ్లు చదివితే ఎవరూ నోరు విప్పరు. కాన్ఫరెన్స్ రూమ్ వదిలేసి మెషీన్ పక్కనే నిలబడి చెప్పండి. మీ కన్నడ సరిగ్గా రాకపోయినా కన్నడలోనే మొదలుపెట్టండి, ప్రయత్నించినందుకే మనుషులు దగ్గరవుతారు.

రెండోది లోతైనది. 1979లో డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సంగతి చూపించారు: ఏదైనా దొరికితే కలిగే సంతోషం కంటే, అంతే విలువైనది పోతే కలిగే బాధ మనిషికి ఎక్కువ. అందుకే కొత్త పద్ధతి లాభాలు మీరు ఎన్ని చెప్పినా, వినేవాడి మనసు తనకు పోయేదాని మీదే ఉంటుంది. ఆ పోయేదేమిటో మీ స్లైడ్లలో ఎక్కడా ఉండదు.

ఒక సీనియర్ సెట్టర్‌ను, అంటే ప్రతి జాబ్‌కూ మెషీన్‌ను సిద్ధం చేసే మనిషిని, చూడండి. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది, అంచులు నూనెతో నల్లబడి ఉంటాయి. ఏ జాబ్‌కు ఎంత ఆఫ్‌సెట్ (టూల్ స్థానంలో సవరణ) వేయాలి, ఏ మెటీరియల్‌కు ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం) ఎంత తగ్గించాలి అన్నవి ఏళ్ల తరబడి తన చేత్తో రాసుకున్న అంకెలు. రాత్రి షిఫ్ట్‌లో మెషీన్ మొరాయిస్తే అందరూ ఆయనకే ఫోన్ చేస్తారు. హ్యాండోవర్ షీటు గురించి చెప్పినప్పుడు అలాంటి మనిషి ఒకాయన నాతో పక్కకు వచ్చి మెల్లగా అన్న మాట ఇది: "అదంతా గోడకు తగిలిస్తే ఇంక నన్నెవరు అడుగుతారు సార్?"

ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఎంత మంచి ప్రతిపాదనైనా నిలబడదు. ఆయన భయం న్యాయమైనదే. ముప్పై ఏళ్ల అనుభవాన్ని ఒక ఫారంగా మార్చి, దాన్ని రాసిన మనిషిని పక్కన పెట్టిన కంపెనీలను ఆయన చూసే ఉంటారు. పరిష్కారం మాటల్లో దొరకదు, అమరికలో ఉంటుంది. షీటు తయారుచేసే పని ఆయనకే ఇవ్వండి. షీటు కింద "తయారుచేసినవారు" అని ఆయన పేరు ఉండాలి. కొత్తవాళ్లకు నేర్పే బాధ్యతను ఆయన ఉద్యోగంలో భాగం చేయాలని, ఆ గంటలు పనిగంటలుగానే లెక్కపెట్టాలని జీఎం దగ్గర ముందే ఒప్పించుకోండి. ఆ రెండు మాటలూ కాగితం మీద ఉన్నాకే, "అన్నా, ఇది మీ చేతుల మీదుగా జరగాలి" అని అడగండి. షాప్ ఫ్లోర్‌కు కొత్త పద్ధతిని వివరించాల్సింది కూడా ఆయనే. మీరు పక్కన నిలబడితే చాలు.

లక్షణం: అకౌంట్స్ వాళ్లు ఒక్క ప్రశ్న అడిగేసరికి అంతా కూలిపోయింది

కారణం: "సామర్థ్యం పెరుగుతుంది", "టైమ్ ఆదా అవుతుంది" లాంటి మాటలకు అంకె లేకపోవడం. లెక్క వాళ్లదే వాడండి. షిఫ్ట్ మారిన ప్రతిసారీ మెషీన్ 20 నిమిషాలు ఆగుతోందనుకుందాం. మూడు మార్పులకు రోజుకు గంట, 26 పనిదినాలకు 26 గంటలు. మెషీన్ గంట రేటు 600 రూపాయలైతే నెలకు 15,600. ఎనిమిది మెషీన్లకు 1,24,800. ఇందులో సగమే ఆదా అవుతుందని చెప్పండి, 62,400. మొత్తం ఆదా అవుతుందంటే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. ఆ 20 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయని తప్పకుండా అడుగుతారు. కాబట్టి వాచీ పట్టుకుని మీరే మూడు షిఫ్టులూ కొలవండి, రాత్రి 10 గంటలది కూడా.

లక్షణం: "ఇది ఇంతకుముందు చేశాం, కుదరలేదు"

ఆ మాట అన్నవాళ్లు చాలావరకు నిజమే చెప్తున్నారు. వాదించకండి. అప్పుడు పనిచేసినవాళ్లను వెతికి, ఎక్కడ తప్పిందో అడగండి. ఫారంలో నలభై గళ్లు ఉండటం వల్లో, నింపినదాన్ని ఎవరూ చదవకపోవడం వల్లో ఆగిపోయి ఉంటుంది. ఆ సంగతి మీరే ముందుగా చెప్పి, ఈసారి ఏం మార్చారో చూపించండి.

మీటింగ్‌లో ఒక్కరే పదేపదే అడ్డుపడుతుంటే ఆయన్ను మీరు ముందే కలవలేదని అర్థం. అక్కడ గెలవాలని చూడకండి, సాయంత్రం టీ దగ్గర కూర్చోండి.

లక్షణం: అందరూ ఒప్పుకున్నారు, నెల తర్వాత కూడా ఏమీ మారలేదు

కారణం: మీరు ఏమీ అడగలేదు. 1930ల్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో అలన్ మన్రో రూపొందించిన ప్రసంగ క్రమంలో ఐదు దశలున్నాయి: శ్రద్ధ కలిగించడం, అవసరం చూపించడం, దాన్ని తీర్చే మార్గం చెప్పడం, తీరాక ఎలా ఉంటుందో కళ్లకు కట్టించడం, చివరికి ఏం చేయాలో అడగడం. మనవాళ్లు నాలుగు బాగానే చెప్తారు. ఐదోది రావాల్సిన చోట "థాంక్యూ" స్లైడ్ వచ్చేస్తుంది.

ఆ స్లైడ్ తీసేసి ఒక్క వాక్యం పెట్టండి: "వచ్చే సోమవారం నుంచి నాలుగు వారాలు, రెండు మెషీన్ల మీద మాత్రమే ఈ షీటు వాడటానికి అనుమతి కావాలి." ఎంత చిన్నది అడిగితే అంత సులువుగా సరే అంటారు. నచ్చకపోతే ఆపేయొచ్చన్న భరోసా కూడా ఇవ్వండి. సరే అనగానే ఆ గదిలోనే పేరు, తేదీ రాసేయండి.

షిఫ్ట్ వేళలే మార్చాలనుకుంటే

ఇక్కడ ఒప్పించడం ఒక్కటే సరిపోదు. షిఫ్ట్ పని, పనిగంటలు, సెలవుల వంటి షరతులు మార్చాలంటే కార్మికులకు ముందుగా నోటీసు ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 9ఏ సెక్షన్ చెప్పింది. నోటీసు ఇచ్చిన 21 రోజుల లోపు మార్పు అమలు చేయకూడదు. ఈ నియమమే 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 40వ సెక్షన్‌గా కొనసాగింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. కొన్ని మినహాయింపులున్నాయి కాబట్టి హెచ్‌ఆర్‌ను ముందే అడిగి, నోటీసు ముసాయిదా, ఆ 21 రోజుల క్యాలెండరు మీటింగ్‌కు వెంట తీసుకెళ్లండి. ఆ 21 రోజుల్లో కార్మికుల అభ్యంతరాలు ఎవరు వింటారో, ఎక్కడ రాసుకుంటారో కూడా అందులోనే ఉండాలి.