4 జీబీ దగ్గర తెగిపోయిన నా బ్యాకప్

పాత ఫొటోలు కావాల్సొచ్చి టార్ జీజెడ్ బ్యాకప్ (టార్‌తో ఫైళ్లన్నీ ఒకే ఫైల్‌గా కట్టి, జీజిప్‌తో కుదించినది) విప్పితే, కాసేపు బాగానే నడిచి 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఫైల్' అని ఆగిపోయింది. ఒకటే టెన్షన్. ఫైల్ బాగుందో లేదో పరీక్షించమని జీజిప్‌ని హైఫన్ టీ పెట్టి నడిపితే మళ్లీ అదే మాట. సీఆర్‌సీ (డేటా మారిందేమో సరిచూసే లెక్క) ఎర్రర్ వచ్చి ఉంటే లోపల బైట్లు చెడ్డాయనుకునేవాణ్ణి, ఇది మాత్రం తోక తెగిన కేసు.

ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ కొట్టి సైజు చూశాను: 4294967295 బైట్లు. 4 జీబీకి సరిగ్గా ఒక్క బైటు తక్కువ! అప్పుడు వెలిగింది, బ్యాకప్ పెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్క్ ఫ్యాట్32 (డిస్క్‌లో ఫైళ్లు అమర్చే ఒక పాత పద్ధతి)లో ఉంది, అందులో ఒక ఫైల్ అంతకు మించి పెరగదు. కాపీ అయ్యేటప్పుడు ఎర్రర్ వచ్చే ఉంటుంది, కానీ క్రాన్‌లో (టైమ్‌కి పనులు దానంతటదే నడిపేది) పెట్టిన స్క్రిప్టు మెసేజ్‌లన్నీ, ఏం వేసినా మాయమయ్యే డెవ్ నల్‌లోకి తోసేస్తోంది (రాసింది నేనే, ఇంకెవర్నని ఏం లాభం).

ముందు ఆ ఫైల్‌కి ఇంకో కాపీ తీసి, కుదింపు విప్పే జెడ్‌క్యాట్ అవుట్‌పుట్‌ని పైపుతో టార్‌కి ఇస్తే, తెగిన చోటు వరకు ఫైళ్లన్నీ బయటికొచ్చాయి. చివరి ఫొటో సగమే వచ్చింది, కింది భాగమంతా బూడిద రంగు. టార్ ఫైళ్లని వరసగా రాస్తుంది కాబట్టి, ఆ ఫొటో తర్వాతివేవో చూసుకుని పాత డిస్క్ నుంచి తెచ్చుకున్నాను.

ఇప్పుడు డిస్క్‌ని ఆ 4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చాను, కాపీ అవగానే షా256సమ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) రెండు వైపులా సరిపోయిందో లేదో స్క్రిప్టే చూస్తుంది.