ఇంట్లో తుపాకీ పెట్టుకోవాలా? లాభనష్టాల లెక్క ఇలా వేయండి

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దుకి ఆనుకున్న గుణుపూర్, కాశీనగర్, పర్లాకిమిడి వైపు పల్లెల్లో మొక్కజొన్న కండె పాలు పట్టే వేళకి ఏటా ఒకటే మాట మొదలవుతుంది. పందులు చేను దొర్లించేశాయి, ఈసారి తుపాకీ లైసెన్సుకి పెట్టాల్సిందే అని. రాయగడ, బరంపురం లాంటి టౌన్లలో వ్యాపారాలు చేసుకునే మనవాళ్ల నోట ఇదే మాట ఇంకోలా వస్తుంది, డబ్బుతో తిరుగుతున్నాం, దగ్గర ఒకటి ఉంటే ధైర్యం అని. ఈ మాటలు అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వాళ్ల నష్టం నిజమే, భయం కూడా నిజమే. కానీ తుపాకీ సంగతి ఒక్క ఇంటితో పోయేది కాదు, అందుకే దరఖాస్తు పెట్టే ముందు ఇంట్లో అందరూ కూర్చుని లెక్క వేయాలి, వీలైతే ఊళ్లో పెద్దల్ని కూడా కూర్చోబెట్టుకుని వేయాలి. ఎలా వేయాలో చెప్తాను.

ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు తుపాకీ వల్ల వస్తుందనుకుంటున్న లాభం, కుడివైపు నష్టం రాయండి. ఇంతవరకు అందరూ చేసేదే. చాలామంది వదిలేసేది ఏమిటంటే, రాసిన ప్రతి లైను పక్కనా అది ఎవరికి అని కూడా రాయాలి. రాస్తే మీకే కనపడుతుంది, ఎడమవైపు దాదాపు అన్ని లైన్ల పక్కనా తుపాకీ కొన్నాయన పేరే ఉంటుంది, కుడివైపు భార్య, కోడలు, పిల్లలు, పక్కింటివాళ్లు, రాత్రిపూట పొలం గట్టున నడిచివెళ్లే ఎవరో కూలీ ఉంటారు. నా దృష్టిలో అసలు లెక్క ఇదే, మిగతాదంతా దీన్ని ఎలా నింపాలన్నదే.

లాభాల్లో ముందు పంట సంగతి చూద్దాం. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లోనే పంట కాపలాకి ముందునుంచి మందు దట్టించే నాటు రకం తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలుంది, అది సరిపోదని అధికారికి అనిపిస్తే వేరే రకం గొట్టం తుపాకీకి ఇవ్వొచ్చు. ఇది తెలిసినవాళ్లు కూడా ఇక్కడే ఒకటి మర్చిపోతారు. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవి పంది రక్షణ ఉన్న జంతువే, పంటకో ప్రాణానికో ప్రమాదం అయినప్పుడు కాల్చాలంటే అటవీ శాఖ అధికారి దగ్గర 11వ సెక్షన్ కింద విడిగా అనుమతి తీసుకోవాలి. అది లేకుండా కాలిస్తే పంట మిగిలినా కేసు మిగులుతుంది. కాబట్టి "పంట కాపలా" అని రాసిన లైను పక్కన "అటవీ శాఖ అనుమతి వస్తేనే" అని కూడా రాయండి.

ఇక పని జరిగే తీరు చూడండి. నాటు తుపాకీ అంటే గొట్టంలో మందు పోయాలి, గుడ్డపేలిక కూరాలి, చువ్వతో దట్టించాలి, సీసపు గుండ్లు వేసి మళ్లీ దట్టించాలి, చివర క్యాప్ పెట్టాలి. ఇదంతా మంచె మీద, చీకట్లో, నెత్తిన టార్చ్ లైటు కట్టుకుని. ఒక్కసారి పేలాక మళ్లీ దట్టించేలోపు పందుల మంద పక్క చేలోకి పోతుంది. అందుకే చాలామంది ముందే దట్టించి మంచె మీద ఆనించి ఉంచుతారు, ప్రమాదాలు జరిగేది అక్కడే. ఏజెన్సీ వైపు పందనుకుని మనిషిని కాల్చారన్న వార్తలు మనం ఎన్నిసార్లు వినలేదు? పొదలో కదిలింది పందా, బయటికి వెళ్లిన మనిషా అని ఆ చీకట్లో ఎవరు చెప్పగలరు? ఇది కుడివైపు రాయాల్సిన ఒక లైను.

ఈ పంట లాభం తుపాకీ లేకుండా ఎంతవరకు వస్తుందో కూడా రాయాలి, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది తుపాకీ వల్ల అదనంగా వచ్చే లాభమే. సోలార్ ఝట్కా కంచె (ముట్టుకుంటే చిన్న షాక్ కొట్టేది), కందకం, నలుగురు రైతులు కలిసి వంతుల కాపలా, పంట నష్టానికి అటవీ శాఖ ఇచ్చే పరిహారం, ఇవన్నీ వాడాక ఇంకా ఎంత నష్టం మిగులుతుంది? ఆ మిగిలిందే తుపాకీ ఖాతాలో వేయండి. (కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగడం, ఎరలో నాటుబాంబు పెట్టడం మాత్రం ఈ జాబితాలో రాయకండి, వాటితో ఏనుగులే కాదు, మనుషులూ పోతున్నారు.) కేరళలో 2022లో పంచాయతీ అధ్యక్షులకే అధికారం ఇచ్చి, పేరు నమోదు చేసుకున్న లైసెన్సుదారుల చేత పందుల్ని కాల్పించే పద్ధతి పెట్టారు. అది మంచిదా కాదా అన్నది వేరే చర్చ, కానీ పంట కాపలాకి ఇంటింటా తుపాకీ అక్కర్లేదని మాత్రం దానితో తేలుతుంది.

రెండో లాభం దొంగల భయం. ఇక్కడ మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి. దొంగ వచ్చినప్పుడు తుపాకీ ఎక్కడ ఉంటుంది? 2016 ఆయుధ నియమాల ప్రకారం దాన్ని భద్రంగా దాస్తానని మీరే రాసిచ్చి ఉంటారు. అలా తాళం వేసి, తూటాలు వేరుగా పెడితే అర్ధరాత్రి అందదు. దిండు కింద పెడితే అందుతుంది, కానీ మీకంటే ముందు పిల్లాడికి అందుతుంది. రెండూ ఒకేసారి కుదరవు, ఎవరు ఎంత గట్టిగా వాదించినా.

తుపాకీతో ఎంతమంది తమని తాము కాపాడుకున్నారో అమెరికాలో లెక్కలు తీశారు, అక్కడి అనుభవం మనకి ఒక పాఠం. 1995లో ఇద్దరు పరిశోధకులు దాదాపు 5,000 మందిని ఫోన్‌లో అడిగి, ఏటా 25 లక్షలసార్లు తుపాకీ మనిషిని కాపాడుతోందన్నారు. ప్రభుత్వమే జరిపే నేర బాధితుల సర్వేలో అదే కాలానికి వచ్చింది లక్ష అటూ ఇటూ. ఇంత తేడా ఎందుకంటే, ఆ 5,000 మందిలో అవునన్నది నూటికి ఒకరికి కాస్త పైన, అంతే. అందులో కొందరు గొప్పకి చెప్పినా, ఎప్పుడో జరిగింది నిన్న మొన్న జరిగినట్టు చెప్పినా, దేశం మొత్తానికి హెచ్చవేసేసరికి లక్షలు పుట్టుకొస్తాయి. మన ఊళ్లోనూ ఇదే జరుగుతుంది. తుపాకీ చూపిస్తే దొంగలు పారిపోయారన్న కథ రచ్చబండ మీద ఏళ్ల తరబడి నడుస్తుంది, తాగి వచ్చి భార్యకి తుపాకీ గురిపెట్టిన సంగతి గుమ్మం దాటదు. అందుకని మీరు చుట్టుపక్కల ఊళ్లలో విచారించేటప్పుడు పదేళ్లు అని ఒక గడువు పెట్టుకుని, ఆ లోపల కళ్లారా చూసినవాళ్లున్న సంఘటనలే రాయండి. మగవాళ్లని అడిగి ఊరుకోవద్దు, ఆడవాళ్లని విడిగా అడగండి.

అడిగితే ఎలాంటివి బయటపడతాయో ఒకటి చెప్తాను. తుపాకీ ఉన్న ఒక ఇంట్లో కోడల్ని "తాళంచెవి ఎక్కడుంటుందమ్మా?" అని అడిగాను. "మావయ్యగారి మొలతాడుకే ఉంటుందండీ, ఎవరికీ ఇవ్వరు" అంది. ఒక్క నిమిషం ఆగి, "స్నానానికి వెళ్లేటప్పుడు మాత్రం నూతి దగ్గర మేకుకి తగిలిస్తారు, మా బుజ్జిగాడికి తెలుసు" అంది. పెద్దాయన్ని అడిగి ఉంటే మొదటి మాటతోనే అయిపోయేది.

మూడోది, తుపాకులు ఎక్కువుంటే దొంగలు భయపడతారు, ఊరికే మంచిది అనే వాదన. దీనిమీద అమెరికాలో ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 2004లో వాళ్ల జాతీయ పరిశోధనా మండలి ఉన్న ఆధారాలతో అటూ ఇటూ తేల్చలేమంది, 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం మాత్రం తుపాకీ వెంట పెట్టుకు తిరిగే హక్కు సులువు చేసిన రాష్ట్రాల్లో పదేళ్లకి హింసా నేరాలు 13 నుంచి 15 శాతం ఎక్కువయ్యాయని తేల్చింది. మన సరిహద్దులో అయితే తుపాకీ ఉందని తెలిస్తే భయపడి పోయేవాళ్లకంటే దానికోసమే వచ్చేవాళ్లు ఉండే కాలం చూశాం. 2004 ఫిబ్రవరిలో కొరాపుట్‌లో పోలీసుల ఆయుధాగారాన్నే మావోయిస్టులు దోచుకుపోయారు, 2008లో నయాగఢ్‌లోనూ అదే జరిగింది. కాపలా ఉన్న చోటే అలా అయితే పల్లెలో మీ బీరువా సంగతి మీరే ఆలోచించండి.

ఇప్పుడు కుడివైపు. నేను అన్నిటికంటే పైన రాయమనేది ఆత్మహత్య, అయినా దీన్ని ఎవరూ రాయరు. అమెరికాలో 2021లో తుపాకీతో 48,830 మంది పోతే, వాళ్లలో సగానికి పైగా, 26,328 మంది, తమని తామే కాల్చుకున్నవాళ్లు. కాలిఫోర్నియాలో రెండు కోట్లకి పైగా మందిని ఏళ్ల తరబడి గమనించి 2020లో వేసిన అధ్యయనం ప్రకారం, చేతి తుపాకీ (పిస్టల్, రివాల్వర్ లాంటిది) ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకోవడం లేనివాళ్లకంటే 8 రెట్లు ఎక్కువ, ఆడవాళ్లలో అయితే 35 రెట్లు ఎక్కువ. చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు కదా అంటారు. అది నిజం కాదు, దానికి రుజువు మన రైతులకి బాగా తెలిసిన వస్తువులోనే ఉంది. శ్రీలంకలో మహా విషమైన పురుగుమందుల్ని 1995లో, ఎండోసల్ఫాన్‌ని 1998లో నిషేధిస్తే, 2005కల్లా ఆ దేశంలో ఆత్మహత్యల రేటు మొత్తంగా దాదాపు సగానికి పడిపోయింది. అప్పులూ గొడవలూ ఉన్నచోటే ఉన్నాయి, ఆ క్షణంలో చేతికి అందే వస్తువు మారింది, అంతే. ఆ ఊపు గంటలోనో పూటలోనో దాటిపోతుంది. దాటేదాకా మనిషి బతికి ఉండాలి, తుపాకీ ఆ అవకాశం ఇవ్వదు. పంట పోయిన ఏడాది, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్న రోజు, ఇంట్లో ఎవరి మనసు ఎలా ఉందో గుర్తు తెచ్చుకుని ఈ లైను నింపండి.

తరవాత ఇంటి గొడవ. అమెరికాలోనే 1993లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇంట్లో తుపాకీ ఉన్నచోట ఆ ఇంట్లో హత్య జరిగే ప్రమాదం 2.7 రెట్లు ఉందని తేలింది, చంపినవాళ్లు చాలావరకు అయినవాళ్లో తెలిసినవాళ్లో. దీనికి ఎదురు వాదన కూడా ఉంది, ముందే ప్రమాదంలో ఉన్నవాళ్లే తుపాకీ కొనుక్కుంటారేమో అని. న్యాయమైన ప్రశ్నే, కాబట్టి ఆ అంకెని దేవుడి మాటలా పట్టుకోకండి. కానీ మన ఇంట్లో సారా అలవాటున్న మనిషి ఉన్నాడా, గట్టు తగాదా కోర్టులో ఉందా, అన్నదమ్ముల వాటాలు తెగలేదా, ఇవి మనకి తెలుసు. ఒక్కదానికి అవునని సమాధానం వచ్చినా నా మాట అయితే దరఖాస్తు పెట్టొద్దనే.

ఆ తరవాత చేతులు మారడం. మనదేశంలో తుపాకీ హత్యల్లో ఎక్కువ భాగం లైసెన్సు లేనివాటితోనే అని ఏటా నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెప్తాయి, అందుకే లైసెన్సుదారులు "మా వల్ల కాదు" అంటారు. చాలావరకు ఒప్పుకోవాల్సిన మాటే, పూర్తిగా మాత్రం కాదు. దొంగతనం అయినా, పెద్దాయన పోయాక కొడుకులు అప్పగించకపోయినా, లైసెన్సు తుపాకీ కూడా ఆ గుంపులోనే కలుస్తుంది. 2006లో ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు దీన్నే లెక్కగట్టి, ఒక్కో ఇంట్లో తుపాకీ ఉండడం వల్ల మిగతా సమాజం మీద ఏడాదికి 100 నుంచి 1,800 డాలర్ల భారం పడుతోందన్నారు. అంచనాలో అంత వెడల్పు ఉండడం చూసి కొట్టిపారేయకండి, కింది అంకె కూడా సున్నా కాదు, దాన్ని మోసేది కొన్నవాడు కాదు.

అమెరికా అంకెల్ని మన కాగితం మీద అలాగే ఎక్కించకూడదు, ఇది గట్టిగా చెప్పాలి. 2018 అంచనా ప్రకారం అక్కడ నూరుమందికి 120 తుపాకులుంటే మన దేశంలో 5 చిల్లర. అక్కడ చేతి తుపాకులు ఎక్కువ, మన పల్లెల్లో ఉండేది ఒంటి గొట్టానిదో నాటుదో. అంకెలు వదిలేసి దిశ తీసుకోండి, ఇంట్లోవాళ్లకి ప్రమాదం ఎటు పెరుగుతుంది అన్నది. మిగతాది మీ ఊరి పదేళ్ల లెక్కతో నింపండి. ప్రాణాల్ని రూపాయల్లోకి మార్చకండి, చావులకి విడిగా ఒక గడి పెట్టండి.

ఖర్చూ తిప్పటా గురించి క్లుప్తంగా. శిక్షణ, డాక్టరు సర్టిఫికెట్, పోలీసు విచారణ, కలెక్టర్ ఆఫీసు, ఐదేళ్లకోసారి రెన్యువల్. ఎన్నికల కోడ్ వస్తే చాలామంది తుపాకీని స్టేషన్‌లో అప్పగించాలి, అంటే అన్ని వారాలు మీ "రక్షణ" స్టేషన్‌లోనే ఉంటుంది. లైసెన్సు మీద ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది, ఒడిశా వరకే అని ఉంటే పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం దాకా తుపాకీతో వెళ్లినా నేరమే. పెళ్లిలో సరదాకి పేల్చినా 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

చివరగా కాగితం చదివేటప్పుడు ఒక ఇంటికి కాకుండా ఊరికి చదవండి. ఇప్పుడు ఊళ్లో ఒక్క తుపాకీ ఉంది, మీది రెండోది అవుతుంది, మిమ్మల్ని చూసి ఇంకో ఎనిమిదిమంది పెడతారు అనుకోండి. పది తుపాకులున్నప్పుడు పందులు పదింతలు తగ్గవు, పక్క ఊరి చేలో పడతాయి. మేకుకి వేలాడే తాళంచెవులు మాత్రం పది అవుతాయి. ఇంత చేశాక కూడా ఊరికి దూరంగా ఒంటరిగా ఉండి, నిజంగా ప్రాణభయం ఉన్న ఇల్లు ఒకటో రెండో తేలొచ్చు, తేలితే వాళ్లు పెట్టుకోవడంలో తప్పులేదు.

ఇప్పటికే ఉన్నవాళ్లయితే తూటాలు వేరే గదిలో వేరే తాళంలో పెట్టండి, రెండో తాళంచెవి ఇంట్లో ఆవిడ దగ్గర ఉండనివ్వండి. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేదనిపిస్తే ఆ రోజే తుపాకీని లైసెన్సున్న డీలర్ దగ్గరో పోలీస్ స్టేషన్‌లోనో భద్రపరచమని ఇచ్చి రసీదు తీసుకోండి, 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చేయండి, ఎప్పుడైనా ఉచితమే, తెలుగులో మాట్లాడొచ్చు. అటక మీద తాతల నాటి, లైసెన్సు లేని తుపాకీ ఉంటే దానికి రెండు నుంచి ఐదేళ్ల జైలు. మొదట ఒక వకీలుతో మాట్లాడి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి అప్పగించండి.