హాఫ్‌టైమ్ డాన్సుకు ఎనిమిది నిమిషాలు చాలు
బెజవాడలోనో గుంటూరులోనో ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెట్టేవాళ్లకు ఒక చిన్న మాట. టీవీలో పెద్ద స్టేడియాల హంగామా చూసి మనమూ ఫైనల్ రోజు డప్పులు, కోలాటం, పిల్లల డాన్సులు పెట్టేస్తాం. టైమ్ మాత్రం ఎవరూ లెక్కేయరు.

ముందు కిక్‌ఆఫ్ (ఆట మొదలయ్యే) టైమ్ రాసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేయండి. జనగణమన పూర్తిగా పాడితే సుమారు 52 సెకన్లు. జట్లు లోపలికి రావడం, కరచాలనాలు, టాస్, ఫొటోలు అన్నీ కలిపి పది నిమిషాలు పెట్టుకోండి. అతిథి గారి ప్రసంగం మాత్రం బహుమతులిచ్చేటప్పుడే. వార్మప్ అయిన కుర్రాళ్లను ఎండలో నిలబెట్టి మైకు అందుకుంటే కాళ్లు పట్టేస్తాయి. ఆయన రావడం ఆలస్యమైనా మీకు టెన్షన్ ఉండదు.

అసలు చిక్కు హాఫ్‌టైమ్‌తోనే. ఆట నియమాల ప్రకారం విరామం 15 నిమిషాలు మించకూడదు. పిల్లలు మైదానంలోకి రావడానికి, పోవడానికే ఐదారు నిమిషాలు పోతాయి. అందుకే పాటను ఎనిమిది నిమిషాలకు కత్తిరించి, ఒకసారి గడియారం పెట్టుకుని రిహార్సల్ చేయించండి. మధ్యలో స్టేజీ వద్దు, పచ్చిక పాడవుతుంది. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) బయట ఆడితే చాలు. రంగు కాగితాలు కూడా వద్దు. తడి గడ్డికి అంటుకుంటే ఏరలేక చస్తాం, మాకు ఒకసారి అయింది.

డప్పులు గ్యాలరీలో ఎంతసేపైనా కొట్టుకోనివ్వండి. ఈలలు మాత్రం గేటు దగ్గరే తీసేసుకోండి, రిఫరీ ఈల అనుకుని ఆటగాళ్లు ఆగిపోతారు.