జింకలు ఊరి పక్కకే వస్తున్నాయా? మచ్చిక చేద్దాం అనుకునే ముందు ఇది చదవండి

పొలాల దగ్గర జింకలు రోజూ కనిపిస్తుంటే ఎవరికైనా వచ్చే ఆలోచనే, ఇవి మనకి అలవాటు పడిపోయాయి కదా, ఇంకాస్త మచ్చిక చేస్తే పెంచుకోవచ్చేమో అని. కానీ అలవాటు పడటం వేరు, మచ్చికవడం వేరు. మనుషులున్న చోటికి రావాలంటే తోడేళ్ళు జంకుతాయి, పైగా ఇక్కడ పచ్చటి పైరుంది, రోజూ ఈ దారినే పోయే మనిషి ఏం చెయ్యడని తెలిశాక ఊరికే పరిగెత్తి ఆయాసపడటం దేనికని నిలబడతాయి, అంతే.

ముందు అవి మిమ్మల్ని ఎంత దూరం రానిస్తున్నాయో కనిపెట్టండి. రోజూ ఒకే టైంకి ఒకే దారిలో నడుస్తూ ఎక్కడ మేత ఆపి తలెత్తుతున్నాయో చూడండి, అదే మీ హద్దు. బండి మీదుంటే ఇంకాస్త దగ్గరికి పోనిస్తాయి, ఒక్క కాలు కింద పెట్టారా మంద మొత్తం లేచి పోతుంది, ఇది నాకు ఎన్నిసార్లు అయిందో.

చెవులు రెండూ మీ వైపు తిప్పి, నమలడం ఆపేసి, నోట్లో గడ్డిపరక అలాగే వేలాడుతోందంటే మిమ్మల్నే అంచనా వేస్తోందని. ముందుకాలితో నేల తన్నినా, ముక్కుతో బుస్సుమన్నా ఆగిపోయి మెల్లగా పక్కకి తిరగండి. మగ కృష్ణజింక ముక్కు పైకెత్తి, చెవులు దించి ఠీవిగా నడుస్తోందంటే అది దాని జాగా, మధ్యలో దూరొద్దు.

కుక్కల్ని మాత్రం కట్టెయ్యండి, ఇది మరీ ముఖ్యం. తరిమితే దొరక్కపోయినా చచ్చిపోవచ్చు, ఎందుకంటే భయానికీ పరుగుకీ ఒళ్ళు వేడెక్కి కండరాలు దెబ్బతింటాయి, తప్పించుకున్న జింక కూడా కొన్ని గంటలకో రోజులకో పడిపోతుంది. తాళ్ళేసి పట్టుకుని ఫొటోలు దిగినా ఇదే గతి.

ఇక పెంచడం సంగతి. సీసాపాలతో పెరిగిన మగపిల్ల చిన్నప్పుడు మన వెనకే తిరుగుతుంది, ముద్దొస్తుంది, కొమ్ములొచ్చి ఎదకాలం వచ్చేసరికి మనిషిని కూడా పోటీకొచ్చిన ఇంకో మగజింక అనుకుని పొడుస్తుంది, భయం పోయింది కాబట్టి అడవిదాని కంటే ఇదే డేంజర్. 1959లో సైబీరియాలో నక్కల మీద మొదలైన ప్రయోగంలో కూడా తరతరానికీ సాధువైనవాటినే ఏరి పిల్లల్ని తీస్తేనే మార్పొచ్చింది, ఒక పిల్లకి పాలు పట్టినంత మాత్రాన కాదు. కృష్ణజింక వర్గం జాతుల్లో కాస్త లొంగింది ఆఫ్రికాలోని ఈలాండ్ అనే పెద్ద జింక ఒక్కటే అనొచ్చు. ఉక్రెయిన్‌లోని అస్కానియా-నోవా అభయారణ్యంలో 1890ల్లోనే పెంచడం మొదలుపెట్టారు, పాలు కూడా పితికారు, ఆవుపాల కంటే చిక్కగా ఉంటాయి. అయినా ఇన్నేళ్ళకీ అది ఆవులా ఇంటింటికీ రాలేదు, నిలబడ్డ చోటు నుంచే రెండు మీటర్ల కంచె దూకేసే జంతువుని ఏ దొడ్లో ఆపుతారు చెప్పండి.

గడ్డిలో పిల్ల ఒంటరిగా ముడుచుకుని కనిపిస్తే తల్లి వదిలేసిందనుకోకండి. తల్లే దాన్ని అక్కడ దాచి మేతకెళ్తుంది, రోజులో కొన్నిసార్లే వచ్చి పాలిస్తుంది, మీరు అక్కడే నిలబడితే రాదు. పొరపాటున ఇప్పటికే ఇంటికి తెచ్చేసి ఉంటే పాలు పట్టకుండా, పిల్లల చేతికివ్వకుండా చీకటి గదిలో ఉంచి వెంటనే అటవీశాఖకి ఫోన్ చెయ్యండి, ఎక్కడ దొరికిందో ఆ చోటు కూడా కరెక్ట్‌గా చెప్పండి, తల్లి ఇంకా అక్కడే వెతుకుతుండొచ్చు.