పాత ఆసిలోస్కోప్‌లో సీఆర్‌టీ తీసి ఎల్‌సీడీ పెట్టడం ఎలా?

బెంగళూరు ఎస్పీ రోడ్డు సందుల్లో, పీణ్యా వైపు స్క్రాప్ గోడౌన్లలో కాలేజీ ల్యాబులూ ఫ్యాక్టరీలూ వదిలేసిన ఆసిలోస్కోపులు (విద్యుత్ సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే పరికరాలు) అప్పుడప్పుడూ తగులుతుంటాయి. కొన్నింటికి లోపల అంతా బాగానే ఉంటుంది, తెర, అంటే సీఆర్‌టీ అనే గాజు పిక్చర్ ట్యూబ్, ఒక్కటే పోయి ఉంటుంది. అంత మంచి కొలత పరికరాన్ని తెర కోసం తుక్కుకు వేయడం నాకు మనసొప్పదు. ఎల్‌సీడీ పెట్టి దాన్ని మళ్లీ పనిలోకి తేవచ్చు. కాకపోతే అన్ని స్కోపులకూ ఇది కుదరదు.

ముందు మీది ఏ రకమో తేల్చుకోండి

టెక్‌ట్రానిక్స్ 465 లాంటి అనలాగ్ స్కోపుల్లో ఎలక్ట్రాన్ పుంజమే నేరుగా వేవ్‌ఫామ్ (సిగ్నల్ ఆకారం) గీస్తుంది. లోపల ఎక్కడా "బొమ్మ" అంటూ ఉండదు. దానికి ఎల్‌సీడీ పెట్టాలంటే 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని సెకనుకు కోట్ల సార్లు శాంపిల్ చేసే (కొలిచి అంకెలుగా మార్చే) సర్క్యూట్ కట్టాలి, అంటే కొత్త స్కోప్ తయారు చేసినట్టే. అలాంటిదానికి ట్యూబ్ పోతే అదే మోడల్ ఇంకొకటి కొని, దాని ట్యూబ్ వాడుకోవడమే నయం.

మనకు కావాల్సింది 1990ల నాటి డిజిటల్ స్కోపులు. హెచ్‌పీ 54600 సిరీస్, టెక్‌ట్రానిక్స్ టీడీఎస్ 500, 700 సిరీస్‌లు ఈ కోవలోవే. వీటిలో బొమ్మ ముందే మెమరీలో తయారై, పాత టీవీలోలాగా వరసలు వరసలుగా తెర మీదికి వస్తుంది. కొలతలు చదివే గళ్లు కూడా ఆ బొమ్మలో భాగమే. కాబట్టి తెర మార్చినా కొలతల కాలిబ్రేషన్‌కు (కచ్చితత్వ సర్దుబాటుకు) ఏమీ కాదు. ఈ పని ధైర్యంగా మొదలుపెట్టగలిగేది ఆ ఒక్క కారణం వల్లే.

టీడీఎస్ 700 లాంటి వాటికి వెనకే వీజీఏ అవుట్‌పుట్ (కంప్యూటర్ మానిటర్ తగిలించే సాకెట్) ఉంటుంది. మానిటర్ తగిలించి చూడండి. బొమ్మ శుభ్రంగా వస్తే తప్పు ట్యూబ్‌దో, దాన్ని నడిపే బోర్డుదో. రాకపోతే ఎల్‌సీడీ మాట తర్వాత, ముందు మెయిన్ బోర్డు చూడాలి. టీడీఎస్ స్కోపుల్లో చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కారి ట్రాకుల్ని తినేయడం బాగా తెలిసిన జబ్బు. ఇంకో మాట: కాలిబ్రేషన్ విలువలు బ్యాటరీ ఉన్న డల్లాస్ మెమరీ చిప్పుల్లో ఉంటాయి. వాటి జోలికి వెళ్లకండి.

ట్యూబ్ తీయడం

ఇక్కడ తొందర పనికిరాదు. చిన్న మోనోక్రోమ్ ట్యూబ్ యానోడ్ (హై వోల్టేజ్ వైరు ట్యూబ్‌లోకి వెళ్లే చోటు) దగ్గర కూడా వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకాక కూడా ఆ చార్జ్ నిలిచే ఉంటుంది. పవర్ సప్లై ప్రైమరీలో (మెయిన్స్ వైపు) మన 230 వోల్టుల ఏసీ దాదాపు 325 వోల్టుల డీసీగా కెపాసిటర్‌లో కూర్చుని ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ కొత్తయితే ఈ ఒక్క పని టీవీ రిపేర్ తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని చేయండి.

ప్లగ్ పీకి కాసేపు ఆగండి. ఇన్సులేషన్ మంచిగా ఉన్న పొడవాటి చదును స్క్రూడ్రైవర్ తీసుకుని, దాని ఇనప కడ్డీకి వైరు చుట్టి, ఆ వైరు రెండో కొసను ట్యూబ్ చుట్టూ ఉండే ఎర్త్ జడకు (అల్లిన తీగకు) క్లిప్ చేయండి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ మొనను యానోడ్ రబ్బరు కప్పు కిందికి మెల్లగా దూర్చండి. చిటుక్కుమని శబ్దం రావచ్చు. కొన్ని నిమిషాలాగి మళ్లీ ఒకసారి చేయండి, ఎందుకంటే గాజులో మిగిలిన చార్జ్ మళ్లీ పైకి వస్తుంది. ఆ తర్వాతే కప్పు తీయాలి.

లోపల శూన్యం కాబట్టి ట్యూబ్ పగిలితే గాజు ముక్కలు ఎగిరిపడతాయి. కళ్లద్దాలు తప్పనిసరి. సన్నటి మెడ పట్టుకుని ఎత్తకండి, ముందు భాగం కింద రెండు చేతులూ పెట్టి ఎత్తండి. దాన్ని నడిపే హై వోల్టేజ్ బోర్డుకు వెళ్లే పవర్ కనెక్టర్‌ను కూడా పీకేయండి. ట్యూబ్ లేకుండా ఆ బోర్డును ఆన్‌లో ఉంచకూడదు.

మూడు వైర్లను చదవడం

వీజీఏ లేని స్కోపుల్లో అసలు పని ఇదే. ఏ కన్వర్టర్ (స్కోప్ సిగ్నల్‌ను ఎల్‌సీడీకి పనికొచ్చేలా మార్చే బోర్డు) కొనాలో ఈ కొలతలు చెబుతాయి కాబట్టి ఇవి చూడకుండా బోర్డులు కొనకండి.

మెయిన్ బోర్డు నుంచి డిస్‌ప్లే బోర్డుకు వెళ్లే రిబ్బన్ కేబుల్‌లో హారిజాంటల్ సింక్ (ప్రతి లైను మొదలును చెప్పే పల్స్), వర్టికల్ సింక్ (ప్రతి ఫ్రేము, అంటే పూర్తి బొమ్మ, మొదలును చెప్పే పల్స్), వీడియో (బొమ్మ వెలుగు) ఉంటాయి. ఏ పిన్ ఏమిటో సర్వీస్ మాన్యువల్ సర్క్యూట్‌లో చూడండి. ఇంకో స్కోప్ అరువు తెచ్చుకుని ఒక్కో పిన్‌నూ కొలవండి. వర్టికల్ సింక్ సాధారణంగా 50 నుంచి 70 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. హారిజాంటల్ కిలోహెర్ట్జుల్లో ఉంటుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఒక ఫ్రేములో మొత్తం ఎన్ని లైన్లో తెలుస్తుంది. ఉదాహరణకు మామూలు వీజీఏలో 31,469 హెర్ట్జ్‌ని 59.94తో భాగిస్తే 525 వస్తుంది. అందులో కనిపించేవి 480. మీకు ఈ అంకెలే వస్తే అదృష్టమే, నేరుగా వీజీఏ బోర్డుకు ఇచ్చేయవచ్చు.

సింక్ పల్స్ పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా అనేది కూడా రాసుకోండి. 640×480 వీజీఏలో రెండూ కిందికే ఉండాలి. తలకిందులుగా ఉంటే కన్వర్టర్ దాన్ని ఇంకో మోడ్ అనుకుని బొమ్మను పక్కకు జరుపుతుంది. ఒక 74హెచ్‌సీటీ04 ఇన్వర్టర్ (సిగ్నల్‌ను తిరగేసే చిప్) పెడితే సరిపోతుంది.

వీడియో పిన్ మీద 0.7 వోల్టుల అనలాగ్ సిగ్నల్ ఉంటే అలాగే వాడుకోండి. 5 వోల్టుల టీటీఎల్ (ఆన్, ఆఫ్ అని రెండే స్థాయిలుండే డిజిటల్ సిగ్నల్) ఉంటే తగ్గించాలి. 74ఏసీటీ244 బఫర్ పెట్టి, దాని అవుట్‌పుట్‌కు 470 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో కలపండి. ఎల్‌సీడీ బోర్డులోని 75 ఓమ్‌లతో కలిసి అది దాదాపు 0.69 వోల్టులు ఇస్తుంది. ఫుల్ బ్రైట్, హాఫ్ బ్రైట్ అని రెండు వైర్లుంటే ఎక్కువ వెలుగు బిట్‌కు 680 ఓమ్‌లు, తక్కువదానికి 1.5 కిలో ఓమ్‌లు పెట్టి రెండింటినీ ఒకచోట కలపండి. వీజీఏ సాకెట్‌లో 2వ పిన్‌కు మాత్రమే ఇస్తే పాత స్కోపుల ఆకుపచ్చ రంగు వస్తుంది. నాకదే ఇష్టం. తెలుపు కావాలంటే 1, 2, 3 పిన్లకు మూడు వేరువేరు రెసిస్టర్ సెట్లు ఉండాలి. సింకులు 13, 14 పిన్లకు.

కన్వర్టర్, ప్యానెల్

హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ 15 లేదా 24 కిలోహెర్ట్జ్ దగ్గర్లో ఉంటే జీబీఎస్ 8200 బోర్డు దాన్ని వీజీఏగా మారుస్తుంది. అక్షరాలు కాస్త మెత్తగా కనిపిస్తాయి కానీ పని జరుగుతుంది. 19, 20 లాంటి మామూలుగా తగలని అంకెలొస్తే ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మేలు. రాస్ప్‌బెర్రీ పై జీరో మీద చిన్న బోర్డు కూర్చుంటుంది, టీటీఎల్ సిగ్నల్‌ను నేరుగా తీసుకుంటుంది. లైనుకు ఎన్ని పిక్సెళ్లో సెట్టింగుల్లో సరిగ్గా కుదిర్చితే అక్షరాలు చెక్కినట్టు వస్తాయి.

ప్యానెల్‌కు ఆర్‌టీడీ 2660 చిప్ ఉన్న డ్రైవర్ బోర్డు చూడండి, వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఉంటాయి. ఎస్పీ రోడ్డు కొట్లలో తెలుగులో అడిగినా పని జరిగిపోతుంది కానీ, ఊరికే "ఎనిమిదించీల డిస్‌ప్లే" అంటే కారుకు పెట్టే వెడల్పాటి ప్యానెల్ చేతిలో పెడతారు. "ఫోర్ బై త్రీ, వీజీఏ బోర్డుతో కలిపి" అని గట్టిగా చెప్పండి. వెడల్పు ప్యానెల్‌లో ఎక్స్-వై మోడ్‌లో (ఒక సిగ్నల్‌ను అడ్డంగా, ఇంకోదాన్ని నిలువుగా గీసేటప్పుడు) గుండ్రంగా రావాల్సింది కోడిగుడ్డులా వస్తుంది. కొనేముందు బెజెల్ (తెర చుట్టూ ఉండే ఫ్రేము) కొలతలకు అట్టముక్క కత్తిరించి జేబులో పెట్టుకెళ్లండి. ఎనిమిదించీల ప్యానెల్ బయటి అంచు లోపలి స్క్రూలకు తగలొచ్చు.

బిగించడం, పవర్

అక్రిలిక్ షీటును ట్యూబ్ బిగించిన రంధ్రాలకే సరిపోయేలా కోయించి, ప్యానెల్‌ను దాని మీద నిలపండి. బెజెల్‌కు కొత్త రంధ్రాలు వేయొద్దు.

డ్రైవర్ బోర్డుకు 12 వోల్టులు కావాలి. డిస్‌ప్లే బోర్డుకు వెళ్లే పాత సప్లై నుంచి తీసుకోవచ్చు. బెంచ్ సప్లై మీద ఎల్‌సీడీ ఎంత కరెంటు లాగుతుందో ముందు కొలిచి, ఆ లైను అంత ఇవ్వగలదో లేదో మాన్యువల్లో చూసి, 1 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టండి.

అసలు తలనొప్పి నాయిస్. పాత సప్లై ఎక్కువ వోల్టులదైతే 12కు తగ్గించడానికి పెట్టే ఎల్ఎం2596 లాంటి బక్ కన్వర్టర్ 150 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతుంది. ఎల్‌సీడీ బ్యాక్‌లైట్‌కూ దాని సొంత స్విచింగ్ ఉంటుంది. ఇవి ఇన్‌పుట్ వైపుకు పాకితే తెర ఎంత అందంగా ఉన్నా స్కోప్ పనికిరాదు. అందుకే ట్యూబ్ తీయకముందే, వీజీఏ మానిటర్ మీదో, మసగ్గానైనా పాత తెర మీదో, ఇన్‌పుట్ షార్ట్ చేసి, అతి తక్కువ వోల్ట్స్ పర్ డివిజన్‌లో (ఒక్కో గడికి ఎన్ని వోల్టులో చెప్పే సెట్టింగులో) గీత ఎంత మందంగా ఉందో ఫోటో తీసుకోండి. అయ్యాక అదే సెట్టింగులో మళ్లీ చూడండి. మందం పెరిగితే బక్ కన్వర్టర్‌ను రేకు డబ్బాలో మూసి, సప్లై వైర్లు మెలివేసి, ఫెరైట్ (నాయిస్‌ను అడ్డుకునే రింగు) తొడిగి, గ్రౌండ్‌ను ఒకే చోట కలపండి. గళ్లు చతురస్రంగా ఉన్నాయో లేదో స్కేలుతో కొలిచి, మూత బిగించి, గంట సేపు నడిపి మళ్లీ గీత చూడండి. వేడెక్కాక నాయిస్ మారుతుంటుంది.

తీసిన ట్యూబ్‌ను చెత్తబుట్టలో వేయకండి. సీఆర్‌టీ గాజులో సీసం ఉంటుంది. కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు, పగలకుండా థర్మకోల్ చుట్టి ఇవ్వండి. కాస్తయినా వెలుగుతున్న ట్యూబ్ అయితే, అదే మోడల్ వాడేవాళ్లకు అది ఇంకా పనికొస్తుంది, వాళ్లను ముందు అడిగి చూడండి.