పోస్టు పెట్టవలసిన వేళను ఫాలోవర్ల అలవాటును బట్టి ఎంచుకోండి

వ్యాపారం కోసం ఎంతో శ్రద్ధగా తయారు చేసిన ఇన్‌స్టాగ్రామ్ పోస్టును మనకు తీరిక దొరికిన వేళ పెట్టేస్తాం. దానిని చూడవలసినవారు సరిగ్గా ఆ సమయానికి ఫోన్ పక్కన పెట్టి పనిలో ఉంటారు. దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది.

ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను ప్రొఫెషనల్ ఖాతాగా మార్చుకుంటే, ఖాతా గణాంకాలను చూపే ఇన్‌సైట్స్ విభాగం కనిపిస్తుంది. అందులో ఫాలోవర్ల వివరాలను తెరిస్తే, వారు ఏ రోజున ఏ వేళల్లో ఎక్కువగా యాప్‌లో ఉంటున్నారో తెలుస్తుంది. ఆదివారం తీరు మంగళవారం తీరులా ఉండదు కాబట్టి ఏడు రోజులనూ విడివిడిగా చూసి, రద్దీ ఎక్కువగా ఉన్న వేళకు అరగంట ముందుగా పోస్టును షెడ్యూల్ చేయండి. రెండు వారాల పాటు ఒకే తరహా పోస్టులను సగం పాత వేళకు, సగం కొత్త వేళకు పెట్టి, ప్రొఫైల్ చూసినవారి సంఖ్యను, వచ్చిన సందేశాలను పోల్చండి. లైకులు మురిపిస్తాయి గానీ, కొనే ఉద్దేశం ఉన్నవారిని పట్టి ఇచ్చేవి సందేశాలేనని నా నమ్మకం.

ఒక్క జాగ్రత్త అవసరం. రద్దీ రాత్రి 10 గంటలకు ఉండి, అప్పుడు వచ్చే ప్రశ్నలకు జవాబిచ్చేవారు లేకపోతే, అడిగినవారు తెల్లవారేసరికి మరొకరి దగ్గర కొనేసే అవకాశం ఉంది. అలాంటప్పుడు మీరు జవాబివ్వగలిగిన వేళల్లో రద్దీ ఎక్కువగా ఉన్నదానినే ఎంచుకోండి.