ప్లాట్‌ఫాం పిల్లల వివరాలు ఏ కాగితంలో ఎంతవరకు రాయాలి

విజయవాడ స్టేషన్‌లో రైలు దిగి, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయిన పిల్లవాడి గురించి పొద్దుగూకేలోపు మూడు నాలుగు చోట్ల రాత పడుతుంది. రైల్వే పోలీసుల డైరీలో, పిల్లల సహాయవాణి 1098 వాళ్ల దగ్గర, షెల్టర్ అడ్మిషన్ పుస్తకంలో, 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచే కాగితంలో. ఆ రాత వాడి మంచికోసమే. కానీ రేపు వాడు ఉద్యోగానికి వెళ్లినా, అద్దెకు గది అడిగినా అదే రాత వెంటాడకూడదు. ఇలాంటి పిల్లల షెల్టర్‌లో కేస్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. కొత్తగా చేరేవాళ్లకు చెప్పే సంగతులే ఇక్కడ రాస్తున్నాను. పంతుళ్లకీ, పోలీసులకీ, విలేకరులకీ కూడా పనికొస్తాయి.

పేరు దాచాం కదా, ఇంకేముంది అనుకుంటారు చాలామంది. బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ పేరు దగ్గర ఆగలేదు. చిరునామా, బడి, ఫొటో, పిల్లవాణ్ణి గుర్తుపట్టడానికి దారితీసే మరే వివరమైనా బయటపెట్టకూడదంది. తప్పితే 6 నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పిల్లవాడి మేలుకోసం వెల్లడించక తప్పదనుకుంటే ఆ అనుమతి ఇవ్వాల్సింది బాలల సంక్షేమ కమిటీ లేదా బాలల న్యాయ బోర్డు, అదీ కారణాలు రాసి. షెల్టర్ మేనేజరుకి ఆ అధికారం లేదు, విరాళం ఇచ్చేవాళ్లకి అసలే లేదు.

మొదట ఫైలు సంగతి. పేరు, ఊరు, తల్లిదండ్రుల వివరాలు ఒక పుస్తకంలో రాసి బీరువాలో పెట్టి తాళం వేయండి. మిగతా అన్ని చోట్లా కేసు నంబరే వాడండి: హాజరు పట్టిక, మందుల చీటీ, భోజనాల లెక్క, ఆఫీసు కంప్యూటర్లో ఫైలు పేరు. కుటుంబ పరిస్థితుల విచారణ నివేదికలో తండ్రి కొట్టాడనీ, పిల్ల పారిపోయి వచ్చిందనీ ఎంత వివరంగా అవసరమైతే అంత రాయాల్సిందే. ఆ నివేదికను అదే చట్టంలోని 99వ సెక్షన్ గోప్యంగా ఉంచమంటుంది. జిరాక్స్ తీసి ఇంకో ఆఫీసుకి పంపడం మన పని కాదు.

బడి దగ్గర చాలా జాగ్రత్త కావాలి. చేర్చడానికి వెళ్లినప్పుడు హెడ్ మాస్టరుగారు ఆధారం అడుగుతారు, మనవాళ్లు వెంటనే కమిటీ ఆర్డరు మొత్తం తీసి చేతిలో పెడతారు. అందులో పిల్లవాడి కథంతా ఉంటుంది. అది అక్కర్లేదు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు, వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. కాబట్టి “ఈ బాలుడు మా సంరక్షణలో ఉన్నాడు, చేర్చుకోగలరు” అన్న నాలుగు ముక్కల ఉత్తరం రాయించి ఇవ్వండి. రిజిస్టర్లో చిరునామా దగ్గర షెల్టర్ పేరు రాయించకండి. డోర్ నంబరు, వీధి, పిన్ కోడ్ రాస్తే చాలు. సంరక్షకుల గడిలో మనిషి పేరు రాయించండి, సంస్థ పేరు కాదు. టీసీ మీదకి ఎక్కేది ఈ రిజిస్టర్లో రాసిందే, ఆ టీసీ కాలేజీ దాకా వస్తుంది. ఆధార్‌లోనూ ఇదే పద్ధతి. ఇంకో మాట, పంతుళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను: క్లాసులో “హోం పిల్లలు లేచి నిలబడండి” అనకండి. మీరు పుస్తకాలు పంచడానికే అంటారు, కానీ ఆ పిల్లలకి స్నేహితులు దూరమయ్యేది అక్కడే.

ఇక పత్రికల సంగతి. తెలంగాణలో ప్రతి జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పిల్లల్ని వెతికి కాపాడే తనిఖీలు జరుగుతాయి. ఇటువైపూ ఇలాంటి తనిఖీలుంటాయి. అధికారులు కుర్చీల్లో, వెనకాల వరసగా పిల్లలు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో. ఒకసారి చూశాను, కళ్లమీద నల్లపట్టీ వేశారు, కింద మాత్రం ఊరి పేరు, తండ్రి చేసే పని, ఏ రైల్లో వచ్చాడో అన్నీ రాశారు. ఆ ఊళ్లో వాణ్ణి గుర్తుపట్టనివాళ్లు ఎవరుంటారు? ప్రెస్ నోట్ తయారుచేసే కానిస్టేబుల్‌కి ముందే చెప్పండి: ఎంతమంది, ఏ వయసు మధ్య, ఏ రాష్ట్రం. అంతకు మించి వద్దు. ఒక్క పిల్లవాడే దొరికిన రోజు రాష్ట్రం పేరు కూడా వద్దు. ఫొటో కావాలంటే అధికారులది తీసుకోమనండి.

తప్పిపోయిన పిల్లల ఫొటోలది వేరే లెక్క. ముఖం కనబడితేనే పిల్లవాడు దొరుకుతాడు, అక్కడ దాచడం తప్పు. అయితే దొరికిన రోజే పోస్టరు, వాట్సాప్‌లో పంపినవి, వెబ్‌సైట్‌లో ఉన్నవి తీయించే బాధ్యత ఎవరో ఒకరి పేరున రాసిపెట్టుకోండి. ఎవరి పేరునా రాయని పని జరగదు.

పనిలో పెట్టుకున్నవాడి మీదో, అక్రమ రవాణా చేసినవాడి మీదో కేసు పెడితే ఆ ఎఫ్ఐఆర్‌లో బాధితుడిగా మన పిల్లవాడి వివరాలుంటాయి. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. లైంగిక నేరాలు, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల వంటి సున్నితమైనవాటికి మినహాయింపు ఉంది. ఏది సున్నితమో తేల్చేది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. అందుకని ఈ ఎఫ్ఐఆర్ వెబ్‌సైట్‌లో పెట్టవద్దని కేసు నమోదైన పూటే ఆయనకు ఉత్తరం ఇవ్వండి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. మర్నాటికి ఆలస్యమైపోతుంది.

నాకు ఎక్కువ బెంగ 18 నిండినవాళ్ల గురించే. ఆ వయసు రాగానే ఓటరు నమోదు మొదలుపెడతాం, అది వాళ్ల హక్కు. నిలువ నీడ లేనివాళ్లకి చిరునామా రుజువు అక్కర్లేదు. ఫారం 6లో చెప్పిన చోట రాత్రి నిద్రపోతున్నారో లేదో బూత్ స్థాయి అధికారి వచ్చి చూసుకుంటారు. కానీ ఓటర్ల జాబితా ఎవరైనా తిరగేసేది. ఇంట్లో హింస తట్టుకోలేక వచ్చేసిన అమ్మాయిని వెతుక్కుంటూ తండ్రో, మేనమామో ఆ జాబితా చూడవచ్చు. “చూడమ్మా, ఇందులో నీ పేరు, వయసు, ఇంటి నంబరు పడతాయి, ఇప్పుడే ఇద్దామా, ఇల్లు మారాక ఇద్దామా” అని అడగండి. నిర్ణయం ఆమెది. ఇంకొకటి, చిన్నప్పటి కేసు ముగిసిపోయినా, ఇంకా నడుస్తున్నా ఉద్యోగానికిచ్చే ప్రవర్తన సర్టిఫికెట్ కోసమని పోలీసులు ఆ రికార్డు బయటపెట్టకూడదు. ఇదీ 74వ సెక్షన్‌లోనే ఉంది. ఈ సంగతి పిల్లలకి షెల్టర్ వదిలేముందే చెప్పాలి, ఎందుకంటే ఎవరైనా అడిగితే భయపడి వాళ్లే అంతా చెప్పేస్తారు.

వివరాలు వాడుకోవడానికి పిల్లల దగ్గర తీసుకునే సమ్మతి సంతకాల గురించి కూడా చెప్పాలి. ఆకలిమీదున్న పిల్లవాడు ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. అన్నం పెట్టి, నిద్రపోనిచ్చి, నాలుగు రోజులు గడిచాక అడగండి. “వద్దక్కా” అంటే అన్నం, పడక ఏవీ ఆగవని ముందే చెప్పి అడగండి.

ఇప్పటికే ఏదైనా బయటికి వచ్చేస్తే మొదట స్క్రీన్ షాట్ తీసి తేదీ రాసుకోండి, దాన్ని మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టకండి. కమిటీకి రాతపూర్వకంగా తెలపండి, పోలీసులకు, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు నకళ్లు పంపండి. పత్రికవాళ్లని అడిగేటప్పుడు వెబ్‌సైట్‌లో వార్తతోపాటు ఆ రోజు ఇ-పేపర్ పేజీ, యూట్యూబ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టిన ముక్క, మూడూ పేరుపేరునా రాసి తీసేయమనండి. ఒకటి తీసి మిగతావి మర్చిపోతారు, అందుకే వారం తరవాత మళ్లీ వెతికి చూడండి.